కోతలరాయుడి ఊరు

మినియాపోలిస్ పక్కన ఉన్న మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళిన రెండో వారంలో, తొమ్మిదేళ్ళ మా మనవడు బడిలో రంగులు వేసిన ఒక కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కాగితం మీద కొమ్ములు తిరిగిన ఎద్దు బొమ్మ ఉంది. దాని ఒళ్ళంతా నీలం రంగు పులిమి ఉంది. ఎద్దుకు నీలం రంగేమిటిరా అని అడిగితే, "అది బేబ్, తాతయ్యా. పాల్ బన్యన్ ఎద్దు. మంచు నీలంగా కురిసిన ఏడాది దొరికింది" అని చెప్పి, ఈ మాత్రం కూడా తెలియదా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

ఆ తరువాత అరగంట సేపు నాకు పాఠం జరిగింది. పాల్ బన్యన్ అనే ఆ చెట్లు కొట్టే మహాకాయుణ్ణి పుట్టగానే ఇంటికి మోసుకురావడానికి అయిదు కొంగలు కావలసి వచ్చాయట. అతడూ అతడి ఎద్దూ నడిచినచోటల్లా అడుగులు దిగబడి నీళ్ళు నిండితే అవే మిన్నెసోటాలోని పదివేల సరస్సులయ్యాయట. గొడ్డలి నేల మీద ఈడ్చుకుంటూ పోతే గ్రాండ్ కాన్యన్ లోయ ఏర్పడిందట. నేను నవ్వాపుకోలేక "మీవాడు పెద్ద కోతలరాయుడేరా" అన్నాను. ఆ మాట వాడికి తెలియదు. చెట్లను కోసేదీ కోతే, లేని గొప్పలు చెప్పేదీ కోతే అని వివరించేసరికి వాడికి అది ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా ఇంట్లో ఎవరేం చెప్పినా "కోత!" అని అరవడం మొదలుపెట్టాడు.

నాకు ఈ రెండు కోతలతోనూ పాత పరిచయం ఉంది. రాజమండ్రిలో ఒక కలప అడితిలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. నేను చేరిన తొలి రోజుల్లో గోదావరి మీద వెదురు తెప్పలు ఇంకా దిగుతూ ఉండేవి. తెప్పలు నడిపేవాళ్ళు ఒడ్డుకు చేరాక, లెక్క తేలే దాకా మా వరండాలో కూర్చుని చెప్పే కబుర్లలో ఒక తెప్ప ఉండేది. దాని తల కొవ్వూరు రేవు దాటినా తోక మాత్రం పాపికొండల్లోనే ఉండేదట. ఆ తెప్ప మీద అటు చివర వండిన అన్నం ఇటు చివరికి వచ్చేసరికి చద్దన్నం అయ్యేదట. అందువల్ల బెమిడ్జి అనే ఊళ్ళో పాల్ బన్యన్ విగ్రహం ఉందని, అది కారులో నాలుగు గంటల ప్రయాణమని మనవడు చెప్పినప్పుడు, నయాగరా చూపిద్దామనుకుంటున్న మా అల్లుడితో, "నాకు ఆ నీళ్ళ కన్నా ఈ కట్టెలవాడు దగ్గర చుట్టం, బాబూ" అని చెప్పి ఒప్పించాను.

జూన్ చివరి వారంలో ఒక శుక్రవారం పొద్దున్నే బయలుదేరాము. ఉత్తరానికి పోతున్న కొద్దీ మొక్కజొన్న చేలు పలచబడి, దారికి రెండు వైపులా పైన్ చెట్లూ వాటి మధ్య మెరిసే నీళ్ళూ మొదలయ్యాయి. బ్రెయినర్డ్ అనే ఊరి దగ్గర నుంచి పాల్ బన్యన్ పేరు వరుసగా కనిపించసాగింది. అక్కడి వినోదోద్యానంలో 26 అడుగుల బన్యన్ బొమ్మ కూర్చుని ఉండి, వచ్చిన పిల్లలను పేరు పెట్టి పలకరిస్తుందట, మేము ఆగలేదు. హేకెన్‌సాక్ అనే చిన్న ఊళ్ళో మాత్రం సరస్సు ఒడ్డున పాల్ ప్రియురాలు లూసెట్ బొమ్మ దగ్గర కాఫీకి ఆగాము. 17 అడుగుల మనిషి, గౌను వేసుకుని, కోడలి చూడ్కితో నిలబడి ఉంది. పక్కన ఆమె కొడుకట, ఒక చిన్న బొమ్మ. ఆమె కథ అడవి శిబిరాల్లో పుట్టినది కాదని, ఊరివాళ్ళే 1952లో బొమ్మతో పాటు కల్పించుకున్నదని మా అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది. పెళ్ళికాని దేవుడికి పక్క ఊరివాళ్ళు అమ్మవారిని కుదిర్చి కల్యాణం చేయడం మనకు మాత్రం కొత్తా?

దారి కాస్త మళ్ళించి ఎకీలీ అనే ఊరికి వెళ్ళడం నా కోరిక. అక్కడ పాల్ మోకాలి మీద వంగి, అరచెయ్యి చాచి కూర్చుని ఉంటాడు. 1984లో కట్టారు, కూర్చున్నా 25 అడుగులు ఉంటాడు. పిల్లలు ఆ అరచేతిలో కూర్చుని ఫోటో తీయించుకుంటారు. మనవడు ఎక్కాడు, ఆ వెనకే మా అమ్మాయి కూడా ఎక్కింది. నా దృష్టి మాత్రం ఊరి మీదే ఉంది. ఆ ఊళ్ళోనే ఒకప్పుడు రెడ్ రివర్ లంబర్ కంపెనీ అనే పెద్ద కోతమిల్లు ఉండేది. దాని యజమాని టి. బి. వాకర్ కుటుంబం; మినియాపోలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్ ఆయన పోగుచేసిన బొమ్మలతో మొదలైనదే. ఊరి పేరు ఆయన భాగస్థుడు హీలీ ఎకీలీది. పాల్ బన్యన్‌ను దేశమంతటికీ తెలిసేలా చేసింది ఈ కంపెనీయే.

సంగతి ఇలా జరిగింది. చెట్లు కొట్టే శిబిరాల్లో, రాత్రిపూట పొయ్యి చుట్టూ కూర్చుని కూలీలు చెప్పుకునే కబుర్లలో పాల్ బన్యన్ అనే పేరు 19వ శతాబ్దం చివరికే వినిపిస్తూ ఉండేది. మిషిగన్‌లో జేమ్స్ మెక్‌గిలివ్రే అనే పత్రికా రచయిత 1906లోనూ, మళ్ళీ 1910లోనూ ఆ కబుర్లను అచ్చులోకి తెచ్చాడు. ఆ తరువాత 1914లో, మిన్నెసోటాలో నరకదగిన పైన్ అడవి అయిపోవచ్చిందని కాలిఫోర్నియాలోని వెస్ట్‌వుడ్‌కు తరలిన రెడ్ రివర్ కంపెనీకి, తన కొత్త కలపను పాత ఖాతాదారులకు పరిచయం చేయవలసిన అవసరం పడింది. విలియం లాఫెడ్ అనే మనిషి, యువకుడిగా మిన్నెసోటా అడవి శిబిరాల్లో స్వయంగా పనిచేసినవాడు, ఆ ప్రకటనల పుస్తకాన్ని బన్యన్ కథలతో నింపి, బొమ్మలు కూడా తానే గీశాడు. నీలం ఎద్దుకు బేబ్ అని పేరు పెట్టిందీ, వంటవాళ్ళకూ గుమాస్తాకూ పేర్లూ ఊళ్ళూ ఇచ్చిందీ అతడే. కంపెనీ ఆ చిన్న పుస్తకాలను ఉచితంగా పంచిపెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. 1950లో రిచర్డ్ డార్సన్ అనే జానపద పండితుడు ఇటువంటి వాటికి నకిలీ జానపదం అనే అర్థం వచ్చే ఒక కొత్త మాటనే పుట్టించి, పాల్ బన్యన్‌ను దానికి ముఖ్య ఉదాహరణగా చూపించాడు.

పండితుడి కోపం నాకు అర్థమవుతుంది కానీ పూర్తిగా ఏకీభవించలేను. మా అడితి యజమాని ప్రతి ఏడూ పంచే గోడ క్యాలెండరు మీద రాముడి పట్టాభిషేకం ఉండేది. కింద అడితి పేరూ ఫోను నెంబరూ ఉండేవి. ఆ బొమ్మను పటం కట్టించుకుని పూజగదిలో పెట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే పది మంది ఉన్నారు. ఎవరు పంచారన్నది పటం మీద కొంతకాలమే కనిపిస్తుంది, తరువాత ఫ్రేము కిందికి పోతుంది.

అదీ గాక, లాఫెడ్ కథల్లో నా మనసు దోచినవాడు ఒకడున్నాడు. అతడు పాల్ కాదు, పాల్ దగ్గర లెక్కలు రాసే గుమాస్తా. పేరు జానీ ఇంక్‌స్లింగర్. అతడి కలానికి సిరా పీపా నుంచి గొట్టం తగిలించి ఉండేదట. ఒక చలికాలంలో పొదుపు చేయాలని, అక్షరాల మీద చుక్కలూ అడ్డగీతలూ పెట్టడం మానేసి తొమ్మిది పీపాల సిరా మిగిల్చాడట. తెలుగులో రాసి ఉంటే, తలకట్లూ దీర్ఘాలూ సున్నాలూ వత్తులూ మానేసి మిసిసిపీ అంత సిరా మిగిల్చేవాడని మనవడికి చెప్పాను. వాడు వేలెత్తి "కోత!" అన్నాడు.

బెమిడ్జి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. జనాభా పదిహేను వేలకు కాస్త తక్కువ. ఊరికి ఆనుకుని పెద్ద సరస్సు, దాని పేరూ బెమిడ్జియే. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వేల భాషలో ఆ పేరుకు, నది అడ్డంగా పారే సరస్సు అని అర్థం. ఆ అడ్డంగా పారే నది మిసిసిపీ. మొదట ఉత్తరానికి ఈ ఊరి దాకా వచ్చి, తూర్పుకు తిరిగి, అప్పుడు గానీ దక్షిణం దారి పట్టదు. అందుకే బెమిడ్జివాళ్ళు తమది మిసిసిపీ మీద మొట్టమొదటి నగరమని చెప్పుకుంటారు.

విగ్రహాలు సరస్సు ఒడ్డునే, రోడ్డు పక్కన పచ్చికలో ఉన్నాయి. కారు దిగి చూసిన మొదటి క్షణంలో నేను ఉన్న మాట చెప్పాలంటే నీరసపడిపోయాను. పాల్ ఎత్తు 18 అడుగులు. హైదరాబాదు-విజయవాడ దారిలో పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయ స్వామిని బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు దండం పెట్టుకుంటూ దాటినవాణ్ణి. సరస్సులను అడుగులతో తవ్విన మహాకాయుడు మా ఇంటి డాబా కన్నా కాస్త పొడుగ్గా నిలబడి ఉంటే మనసుకు ఎలా ఆనుతుంది?

పైగా ఆ నిలబడటం కూడా వీరుడి నిలబాటు కాదు. చేతులు రెండూ ఒంటికి అంటుకుని నిటారుగా కిందికి దిగి ఉన్నాయి. కాళ్ళు రెండూ కలిసిపోయి గోడల్లా ఉన్నాయి. గళ్ళ చొక్కా, బొద్దు మీసం, గుండ్రని కళ్ళు. పరీక్ష తప్పి తండ్రి ముందు నిలబడ్డ కుర్రవాడిలా ఉన్నాడు. కానీ పది నిమిషాలు అక్కడే తిరిగాక నాకు తెలియకుండానే ఆ బొమ్మ మీద ఇష్టం కలిగింది. దగ్గరికి వెళ్ళి ప్యాంటు మీద చెయ్యి వేసి చూశాను. శిల్పి చేతిలో నున్నబడ్డ రాయి కాదు అది. తాపీవాడు కొట్టిన పూత, దాని మీద ఏళ్ళ తరబడి వేస్తూ వచ్చిన రంగు. కింది అంచున పిల్లల బూట్లు తగిలి రంగు గీసుకుపోయిన చోట్లు ఉన్నాయి. మన ఊళ్ళ పొలిమేరల్లో సున్నం కొట్టి, కోరమీసాలు దిద్దిన పోతురాజు ఎలా ఉంటాడో అలాంటి ఇంటి మనిషి.

దాని పుట్టుక కూడా ఇంటి వ్యవహారం లాంటిదే. 1937 జనవరిలో ఊళ్ళో శీతాకాల ఉత్సవం పెట్టుకున్నారు. కష్టకాలం, జనాన్ని రప్పించాలి. సిరిల్ డికిన్సన్ అనే ఆయన విగ్రహం కట్టే పని తీసుకున్నాడు. కొలతలకు మూలం కావాలి గనక ఊరి మేయరు ఎర్ల్ బక్లెన్ ఒడ్డూ పొడుగూ తీసుకుని వాటిని మూడింతలు చేశారు. ఆరడుగుల మేయరు మూడింతలైతే పద్దెనిమిది అడుగుల పాల్, లెక్క సరిపోయింది. పురాణ పురుషుడికి పురపాలక సంఘం అధ్యక్షుడి నడుము చుట్టుకొలత రావడం నాకు భలేగా అనిపించింది. మన రాజకీయ నాయకులకు ఈ సంగతి తెలియనివ్వకూడదని అల్లుడు అన్నాడు.

ఎద్దు కథ ఇంకా బాగుంది. మొదట బేబ్‌ను ఫోర్డ్ మోడల్ ఏ లారీ మీద కట్టె చట్రం, తీగ, గుడ్డతో కట్టారు. లారీ పొగగొట్టాన్ని ఎద్దు ముక్కులకు కలపడంతో, బండి నడుస్తుంటే ఎద్దు పొగలు కక్కేది. కళ్ళల్లో దీపాలు వెలిగేవి. అలా ఊరేగింపుల్లోనూ పక్క ఊళ్ళ వేడుకల్లోనూ తిరిగి, చివరికి గుడ్డ ఒళ్ళు వదిలి కాంక్రీటు ఒళ్ళు ధరించి పాల్ పక్కన స్థిరపడింది. ఇప్పుడు దాని ఎత్తు పదడుగులు. 1988లో ఈ రెండు విగ్రహాలూ అమెరికా చారిత్రక స్థలాల జాతీయ పట్టికలోకి ఎక్కాయి. లారీ మీద ఊరేగిన ఎద్దు అని చదవగానే, శరన్నవరాత్రుల్లో మా దేవీచౌక్ దారిలో లారీల మీద పోయే బొమ్మలు గుర్తొచ్చాయి.

ఎద్దు ముందు నిలబడి మనవడు ప్రశ్న వేశాడు: బేబ్ రెండు కళ్ళ మధ్య దూరం నలభై రెండు గొడ్డలి కర్రలూ ఒక పొగాకు కట్టా అని పుస్తకంలో ఉంది కదా, ఇక్కడ ఎందుకు లేదు? గొడ్డలి కర్ర మూడడుగులని పెట్టుకుంటే నలభై రెండుకు 126 అడుగులు. అంటే, స్వామి క్షమించుగాక, మన పరిటాల ఆంజనేయుడు పడుకుంటే తలా పాదమూ ఆ రెండు కళ్ళకు చెరో వైపునా కాస్త బయటికి వస్తాయి, అంతే. లెక్క చెప్పాక వాడు చాలాసేపు ఆ ఎద్దు నుదుటి వైపే చూశాడు. నాకు ముచ్చట గొలిపింది ఆ పొగాకు కట్ట. నలభై రెండు కర్రలు అని ఊరుకుంటే అది ఉత్త అబద్ధం. చివర ఒక పొగాకు కట్ట చేర్చేసరికి ఎవడో నిజంగా కొలిచినట్టే ఉంది. మా తెప్పలవాళ్ళు కూడా అంతే. "సుమారు వెయ్యి వెదుళ్ళు" అని ఏనాడూ అనేవారు కాదు, "వెయ్యిన్నీ పదిహేడు, అందులో రెండు పుచ్చు" అనేవారు. ఆ రెండు పుచ్చులే మా చేత మిగిలిన వెయ్యిన్నీ పదిహేను నమ్మించేవి.

పక్కనే ఉన్న యాత్రికుల సమాచార కేంద్రంలో పాల్ వాడిన వస్తువులని చెప్పి పెద్ద గొడ్డలి, పళ్ళు తోముకునే బ్రష్షు, లోదుస్తులు పెట్టారు. లోదుస్తుల దగ్గర పిల్లల గుంపు ఎక్కువగా ఉంది. అక్కడే ఒక పెద్ద రాతి పొయ్యి ఉంది. అమెరికాలోని అప్పటి రాష్ట్రాలన్నిటి నుంచీ, కెనడా నుంచీ తెప్పించిన రాళ్ళతో 1930లలో కట్టినది. దాని ముందు కూర్చుంటే ఇంకో కథ గుర్తు చేసింది మా అమ్మాయి: ఒక ఏడాది చలికి మనుషుల మాటలు నోట్లోంచి రాగానే గడ్డకట్టి కింద పడ్డాయట, వసంతం వచ్చి కరిగాక శిబిరమంతా ఒకేసారి చలికాలపు మాటలతో మారుమోగిందట. జనవరిలో ఈ ఊళ్ళో ఉష్ణోగ్రత సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు కూడా పోతుంది. అలాంటి చోట గుడిసెలో వంద మంది కూలీలు, తడిసిన మేజోళ్ళు పొయ్యి మీద ఆరేసుకుని, తెల్లవారకముందే లేచి రంపం పట్టవలసిన బతుకు. ఆ కథ అంత వింతగా తోచలేదు నాకు.

బయటికి వస్తుంటే తలుపు మీద ఇంగ్లీషుతో పాటు "బూజూ" అని ఓజిబ్వే స్వాగత పదం ఉంది. ఊళ్ళో చాలా దుకాణాల మీద అలాంటి పలకలు చూశాము. కృతజ్ఞత చెప్పే "మీగ్వెచ్" అయితే మా మనవడికి అప్పటికే నోరు తిరిగిపోయింది. రెడ్ లేక్, లీచ్ లేక్, వైట్ ఎర్త్ అనే మూడు ఓజిబ్వే నేలలు ఈ ఊరికి మూడు వైపులా ఉన్నాయి.

ఒడ్డు వెంబడి కొంచెం నడిస్తే షేనోవిష్కుంగ్ అనే పెద్దమనిషి కంచు విగ్రహం వస్తుంది. తెల్లవాళ్ళు ఈ సరస్సు దగ్గరికి వచ్చేసరికే ఇక్కడ తన కుటుంబంతో ఉన్నవాడాయన. వచ్చినవాళ్ళను ఆదరించాడు. వాళ్ళు ఆయనకు చీఫ్ బెమిడ్జి అని తమకు తోచిన పేరు పెట్టి, ఎగతాళిగా కనిపించే కొయ్యబొమ్మ ఒకటి 1952లో నిలబెట్టారు. దాన్ని తీసేసి, 2015లో ఈ కంచు విగ్రహం పెట్టారు. చుట్టూ ఉన్న పలకల మీద రాసిన చరిత్రలో కోతలు లేవు. చదవడానికి మాత్రం పాల్ దగ్గర కన్నా ఎక్కువ ఓపిక కావాలి. అక్కడ ఫోటో తీసుకుంటున్నవాళ్ళు మేము తప్ప ఎవరూ కనిపించలేదు.

ఆ దగ్గరి బెంచీ మీద గాలం సర్దుకుంటున్న ఒక ఓజిబ్వే పెద్దాయన మా మనవడి చేతిలోని ఎద్దు బొమ్మను చూసి, "పాల్‌కు గడ్డం ఎందుకు లేదో తెలుసా?" అని అడిగాడు. నిజమే, దారిలో చూసిన బొమ్మలకు గుబురు గడ్డం ఉంది, బెమిడ్జి పాల్‌కు మీసమే ఉంది. ఆయన చెప్పిన కథ ఇది. చెట్లన్నీ నరుక్కుంటూ పాల్ ఇక్కడి దాకా వచ్చేసరికి ఓజిబ్వేల మాయావి నానబోజో అడ్డం తిరిగాడు. నలభై రోజులు పోరాటం జరిగింది. చివరికి నానబోజో రెడ్ లేక్ నుంచి ఒక వాలై చేపను లాగి దానితో చాచి కొడితే పాల్ వెల్లకిలా పడ్డాడు. అతడి పిరుదులు ఆనిన పల్లమే బెమిడ్జి సరస్సు. ఇక ఈ దిక్కు రానని ఒప్పుకునే దాకా నానబోజో వాడి గడ్డం పట్టుకు లాగాడు. అది ఊడి చేతికొచ్చింది. మనవడు పగలబడి నవ్వి, అలవాటు కొద్దీ "కోత!" అన్నాడు. అర్థం ఏమిటని పెద్దాయన అడిగితే చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అవును, ఇది కూడా. కానీ మా కథలో చెట్లు మిగిలాయి" అన్నాడు.

ఆ రాత్రి మోటెల్ గదిలో దోమలు చేరాయి. పాల్ శిబిరంలో దోమల బెడద పోగొట్టడానికి తెప్పించిన తుమ్మెదలు వాటితోనే వియ్యమందుకుని, రెండు చివర్లా ముళ్ళున్న సంతానాన్ని కన్నాయన్న కథ చదివి నవ్వుకున్నవాణ్ణి, తెల్లవారేసరికి నా మోచేతులు చూసుకుని నవ్వడం మానేశాను.

మరునాడు ముందు మిసిసిపీ పుట్టిన ఇటాస్కా సరస్సు చూసి, తరువాత ఈశాన్యంగా అడవిలోకి వెళ్ళాము. ఇటాస్కాలో, బేబ్ లాగుతున్న నీళ్ళ బండి కారడం వల్ల పుట్టిందని చెప్పే ఆ మహానదిని మోకాళ్ళ లోతు నీళ్ళలో రాళ్ళ మీదుగా దాటాను. అక్కడి కొయ్య స్తంభం మీద నది పొడవు 2552 మైళ్ళని చెక్కి ఉంది. ఇప్పటి కొలతల్లో అది 2350 దగ్గర తేలుతుంది. గట్టుకు పేర్చిన ఆ రాళ్ళు కూడా 1930లలో ప్రభుత్వ కూలీలు తెచ్చి పెట్టినవేనట. పాల్‌ను ఒక్కణ్ణే కోతలరాయుడని ఎందుకు అనాలి?

ఈశాన్యంగా వెళ్ళింది లాస్ట్ ఫార్టీ అనే చోటికి. చెట్లు కొట్టే కంపెనీలు అడవిని నలభై ఎకరాల చదరాలుగా కొనేవి. "ఫార్టీ" అనేది ఆ లెక్క. ఈ ఫార్టీ తప్పిపోయినది. 1882లో జొసయా కింగ్ అనే సర్వేయరూ అతడి మనుషులూ చలి ముదురుతున్న రోజుల్లో ఈ బురద ప్రాంతాన్ని కొలిచి, కాడింగ్టన్ సరస్సును అది ఉన్నచోటికి దాదాపు అర మైలు వాయవ్యంగా జరిపి పటంలో గీశారు. అక్కడ నిలబడి ఉన్న పైన్ అడవి కాగితం మీద నీళ్ళయింది. నీళ్ళను ఎవరు కొంటారు, ఎవరు నరుకుతారు? చుట్టూ ఉన్న అడవినంతా గొడ్డలీ రంపమూ ఊడ్చుకుపోతున్నా, పటం చూసుకుంటూ వచ్చినవాళ్ళు ఈ ముక్కను వదిలి పక్కకు తిరిగిపోయారు. నలభై అంటారు గానీ ఇప్పుడు కాపాడుతున్నది 144 ఎకరాలు. మిన్నెసోటా అడవుల్లో గొడ్డలి తగలని పాత అడవి రెండు శాతం కూడా మిగలలేదు.

ఆ చెట్ల కిందికి వెళ్ళాక మాలో ఎవ్వరమూ పెద్దగా మాట్లాడలేదు. మూడు వందల ఏళ్ళు పైబడిన ఎర్ర పైన్ చెట్లు. బెరడు మన పెంకుటింటి పెంకుల్లా పలకలు పలకలుగా లేచి, సందుల్లో ఇటుక రంగు కనిపిస్తోంది. నేల మీద పైన్ సూదులు పరుపులా పడి అడుగుల చప్పుడును మింగేస్తున్నాయి. మెడ వెనక్కి వంచి చూస్తే నలభై యాభై అడుగుల దాకా ఒక్క కొమ్మ లేదు. నా చెయ్యి తనంతట తానే జేబులోకి పోయి కొలత టేపు తీసింది. ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయినా ఆ టేపు లేకుండా నేను ఇల్లు కదలను. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాన్ని నా రెండో జంధ్యం అనేది.

ఒక చెట్టు ఎంచుకుని, మనవణ్ణి అటు వైపు టేపు పట్టుకోమని, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీశాను. సరిగ్గా తొమ్మిది అడుగులు వచ్చింది. లెక్క ఎలా కడతారో వాడికి చూపించాను. చుట్టుకొలతను నాలుగో వంతు చేస్తే రెండుంపావు. దాన్ని దానితోనే హెచ్చవేస్తే అయిదుకు పిసరు ఎక్కువ. పనికొచ్చే మొద్దు పొడవు అరవై అడుగులని వేసుకుంటే, మొత్తం మూడు వందల నాలుగు ఘనపుటడుగులు. మా అడితిలో అయితే ఈ పాటికి దుంగ చివర సుత్తితో ముద్ర కొట్టి, నెంబరు వేసి, రిజిస్టరు తెరిచేవాళ్ళము. ముప్పై నాలుగేళ్ళలో నేను రాసిన పద్దుల్లో తప్పులు దొర్లాయి. ఒకసారి మద్ది దుంగను టేకు కింద రాసి నెల జీతంలో కోత వేయించుకున్నాను. ఆ కోత మూడో రకం. కానీ ఒక గుమాస్తా తప్పు వల్ల ఒక అడవి నిలబడటం నేను ఎక్కడా చూడలేదు, ఎవరి కబుర్లలోనూ వినలేదు. జానీ ఇంక్‌స్లింగర్ తొమ్మిది పీపాల సిరా దీని ముందు ఎందుకూ కొరగాదు.

జేబులోని చిన్న నోటుపుస్తకం తీసి అలవాటు ప్రకారం గడులు గీశాను. పొడవు గడిలో 60, చుట్టుకొలత గడిలో 9, ఘనపుటడుగుల గడిలో 304. మిగిలింది కలప రకం రాసే గడి. ఎర్ర పైన్ అని రాయబోతుంటే మనవడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"తాతయ్యా, అలా రాస్తే వచ్చి కొట్టేస్తారు."

"మరి ఏం రాయమంటావురా?"

వాడు అటూ ఇటూ చూసి, ఎవరూ వినకూడదన్నట్టు నా చెవి దగ్గరికి వచ్చాడు. వాడు చెప్పినట్టే, దీర్ఘాలూ వత్తులూ ఏవీ వదలకుండా, గుండ్రటి అక్షరాలతో రాశాను: నీళ్ళు.